గట్టిమేళంలో ఊడిన పన్ను

నేను ఒక పన్ను తొడుగును. గుంటూరు ఆసుపత్రిలో ఒక సన్నాయి విద్వాంసుడి కుడి ఊపిరితిత్తిలోంచి, చీము మధ్యనుంచి నన్ను బయటికి లాగారు.

నోట్లో ఉండాల్సినదాన్ని. తెల్లగా, పై వరసలో, ఆయన నవ్వినప్పుడు కనపడాల్సినదాన్ని. అలాంటిది ఒక మనిషి ఊపిరికి అడ్డంపడి, వాసనొచ్చే కఫంలో నెలల తరబడి నానాను. బయటికి తీసిన డాక్టరమ్మ పటకారుతో నన్ను వెలుతురులో పెట్టి చూసి, "ఛీ! పన్నా?" అంది. ఆ ఛీ నన్ను కాదని నాకు తెలుసు. అయినా నాకు ఒళ్ళు మండింది. ఆ ఛీ ఎవరికి చెందాలో వాడు అప్పటికి నరసరావుపేటలో తన క్లినిక్‌లో ఏసీ కింద కూర్చుని, ఎవరి నోట్లోనో వేలు పెట్టి ఉన్నాడు.

మొదటినుంచీ చెబుతాను. కోపంలో ఉన్నాను కాబట్టి ఎక్కడైనా గొంతు పెరిగితే ఏమీ అనుకోవద్దు.

జనం నన్ను క్యాప్ అంటారు. పింగాణీ క్యాపులుంటాయి, లోహపు క్యాపులుంటాయి. నేను పాలిమర్‌ని. చపాతీలా గుండ్రంగా ఉండే ఒక గట్టి ప్లాస్టిక్ బిళ్ళలోంచి నన్ను మిషను చెక్కింది. గుంటూరులో ఒక మేడమీద ఉన్న ల్యాబులో పుట్టాను. చెక్కిందంతా మిషనే అయినా నాకు మెరుగుపెట్టి, రంగు కలిపి, పక్క పంటికి నన్ను తోబుట్టువులా చేసినవాడు ప్రభుదాసు అనే టెక్నీషియన్.

మా జాతి గురించి ఒక మాట. మేము తేలిక. కాస్త ఒదుగుతాం. పింగాణీలా పెళుసు కాదు. కానీ మాకు ఒక జబ్బుంది: నున్నదనం. మామీద ఏదీ నిలవదు. నీళ్ళు జారతాయి, సిమెంటూ జారుతుంది. మమ్మల్ని పంటికి అతికించాలంటే ముందు గాయపరచాలి. అల్యూమినా పొడి అని, పిండికన్నా సన్నటి గరుకు పొడి. దాన్ని గాలి ఒత్తిడితో నా లోపలి గోడల మీద కొడతారు. ల్యాబుల్లో దీన్ని ఇసుక కొట్టడం అంటారు. కంటికి కనపడని గుంతలు వేలకొద్దీ పడతాయి. దానిమీద ప్రైమర్ అనే మందు ఒక పూత పూస్తారు. అప్పుడు సిమెంటు ఆ గుంతల్లోకి దిగి, ప్రైమర్ చెయ్యి పట్టుకుని, గట్టిపడి కూర్చుంటుంది. ఇక నన్ను ఊడబెరకాలంటే కోసి తియ్యాల్సిందే.

గాయాలు లేకపోతే నేను ఎవరికీ అతుక్కోను. మనుషుల సంగతి వేరు. ఒక పొగడ్త చాలు, దేనికైనా అతుక్కుంటారు.

ప్రభుదాసు నాకు ఇసుక కొడుతున్నప్పుడు ల్యాబుకి డాక్టర్ శ్రీకర్ వచ్చాడు. నన్ను తయారుచెయ్యమన్నది ఆయనే. మంచి చదువు, మంచి చెయ్యి. విజయవాడలో పళ్ళ డాక్టర్ల సభలో మా పాలిమర్ల మీద ఉపన్యాసం కూడా ఇచ్చివచ్చాడు. ఆ వేడి ఇంకా తగ్గలేదు.

"ప్రభూ, ఒకటి గుర్తుపెట్టుకో. నువ్వెంత బాగా కొట్టినా, నోట్లో పెట్టి చూసేటప్పుడు దీని లోపల ఉమ్మి పడిందంటే నీ పనంతా బూడిదే. కడిగితే పోదది. మళ్ళీ ఇసుక కొట్టాలి, మళ్ళీ ప్రైమర్ పూయాలి. క్లినిక్‌లో అది నేను చేసుకుంటా. చాలామంది చెయ్యరు. ఊడొచ్చాక పేషెంట్ల మీద పడతారు, ఏం కొరికావయ్యా అని."

"మీరు చేస్తారు కదండీ, చాలు," అన్నాడు ప్రభుదాసు.

ఈ మాట విన్నాను కాబట్టే నాకింత కోపం. తెలియక చేసినవాడిని తిట్టి ఊరుకుంటాం. తెలిసి, చెప్పి, చప్పట్లు కూడా కొట్టించుకుని మరీ చెయ్యనివాడిని ఏం చెయ్యాలి?

నేను చేరాల్సిన నోరు షేక్ మౌలాలి గారిది. పల్నాడులో పెళ్ళి మాట అనుకున్నాక ముహూర్తం తర్వాత కుదుర్చుకునేది ఆయన సన్నాయినే. ఆయన పన్ను విరగడం కూడా పెళ్ళిలోనే. ఊరేగింపులో ఎదురుగా ఉన్న డీజే బండిని డ్రైవరు వెనక్కి చూడకుండా రివర్స్ చేశాడు. బండి తగిలి సన్నాయి పంటికి గుద్దుకుంది. పన్ను సగానికి విరిగింది. సన్నాయికి ఏమీ కాలేదని ఆయన సంతోషించాడట. అలాంటి మనిషి.

క్లినిక్‌కి భార్య ఖాసింబీ, డోలు వాయించే కొండయ్య వెంట వచ్చారు. కొండయ్యకి నోరు ఎక్కువ. ఆయన డోలు మోగకపోతే నోరు మోగుతుంది.

డాక్టర్ నన్ను పంటిమీద కూర్చోబెట్టాడు. బిగువు సరిగ్గా సరిపోయింది. సిమెంటు లేకుండానే నిలిచాను.

"బాబూ, అంటించేముందు ఒక్కసారి ఊది చూసుకోనా?" అన్నాడు మౌలాలి గారు. "సన్నాయి మూతికుండే రెల్లు ఈ పంటి దగ్గరే ఆనుద్ది. తేడా ఉంటే తర్వాత మిమ్మల్ని ఇబ్బంది పెట్టాల్సొస్తది."

న్యాయమైన కోరిక. బట్టలు కుట్టించుకున్నవాడు తొడుక్కుని చూసుకోడా?

"అయ్యో, తప్పకుండా!" అన్నాడు డాక్టర్. అంతలోనే కళ్ళు మెరిశాయి. "ఉండండుండండి. ఫోన్ పెట్టనివ్వండి. క్లినిక్ పేజీలో వేద్దాం. సన్నాయికి పన్ను కట్టిన డాక్టర్ ఇంకెవరున్నారు?"

ఫోన్‌ని స్టాండుకి బిగించాడు. తల దువ్వుకున్నాడు. మౌలాలి గారు కల్యాణి రాగం ఎత్తుకున్నాడు.

నిజం చెప్పాలి, నా బతుకులో మంచి క్షణాలంటూ ఉంటే అవే. ఆ రెల్లు నాకు ఆని వణుకుతుంటే నేనూ పాడుతున్నాననిపించింది. బయట కూర్చున్న పేషెంట్లు లోపలికొచ్చేశారు. బుగ్గ వాచి, నొప్పితో కూర్చోలేకపోతున్న ఒకావిడ బుగ్గ పట్టుకునే తల ఊపింది. డోలు లేక కొండయ్య స్టీలు ట్రే మీద తాళం వేశాడు. డాక్టర్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. సన్నాయి అంటే ఊపిరితో పాటు ఉమ్మి. నా లోపలి గోడలు, ఆ గుంతలు, ఆ ప్రైమర్ పూత అన్నీ తడిసి ముద్దయ్యాయి.

మూలన గాజు కిటికీ ఉన్న చిన్న పెట్టె ఉంది. ఇసుక కొట్టే మిషను. దానిమీద కవరు కప్పి ఉంది. నేను ఆ కవరు వైపే చూస్తున్నాను.

డాక్టర్ నన్ను తీశాడు. కుళాయి కింద తిప్పాడు. గాజుగుడ్డతో తుడిచాడు. సిమెంటు నింపాడు. నొక్కాడు. నీలం లైటు వేశాడు. ఫోన్ వైపు తిరిగి నవ్వాడు.

"అయిపోయింది! ఇప్పటినుంచే ఊదుకోవచ్చు మౌలాలి గారూ. ఇక మీ పెళ్ళిళ్ళన్నీ నా గ్యారంటీ!"

కవరు తియ్యనే లేదు.

అద్దంలో చూస్తే నాకేం లోటు? ఎంత చక్కగా ఉన్నానో. ఖాసింబీ కొంగుతో కళ్ళు తుడుచుకుని "పదేళ్ళు తగ్గావు" అంది. "తగ్గితే తగ్గాడు, మళ్ళీ పెళ్ళంటాడేమో చూసుకో చెల్లే, సన్నాయి ఫ్రీ," అన్నాడు కొండయ్య. అందరూ నవ్వారు. నాకు మాత్రం తెలుసు, సిమెంటు పంటిని పట్టుకుంది, నన్ను పట్టుకోలేదు. దానికీ నాకూ మధ్య ఆయన ఎండిన ఉమ్మి ఉంది.

చిలకలూరిపేటలో పెళ్ళి. పంతులు గారు చెయ్యి పైకెత్తి "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నారు. తాళి ముడిపడే ఆ కాస్త సేపూ తుమ్ము గానీ, దగ్గు గానీ, చెడ్డ మాట గానీ ఎవరి చెవినా పడకూడదనే కదా మేళం అంత గట్టిగా వాయించేది. కొండయ్య డోలు ఉరిమింది. మౌలాలి గారు నోరు తెరిచి గుండె నిండా గాలి లాగాడు.

ఆ గాలితోపాటు నేనూ వెళ్ళాను.

ఏ చప్పుడూ వినపడకుండా చూడాల్సిన మనిషే మైకు ముందు దగ్గాడు. ఆగకుండా, కళ్ళు పైకి తేలేసేలా దగ్గాడు. సన్నాయి ఆగింది. కొండయ్య చేతులు గాల్లో ఆగిపోయాయి. కల్యాణ మండపం మొత్తం ఆ దగ్గు ఒక్కటే. పెళ్ళికొడుకు చేతిలో తాళి అలాగే ఉండిపోయింది.

"తాళి కట్టే టైములో ఆ దగ్గేందయ్యా? ఎవడ్రా ఈయన్ని పిలిచింది?" అని పెళ్ళికూతురి మేనమామ అరిచాడు. నలుగురు మౌలాలి గారిని రెక్కలు పట్టుకుని పందిరి వెనక్కి తీసుకెళ్ళారు. మనిషికి ఏమైందో ఎవరూ అడగలేదు. అపశకునం అయిందని అందరూ బాధపడ్డారు.

ఖాసింబీ డాక్టర్‌కి ఫోన్ చేసింది. ఫోన్లో ఆయన గొంతు చల్లగా ఉంది.

"క్యాపేనా? మింగేసుంటారమ్మా. పొద్దున్నే పోతుంది, భయపడొద్దు."

"ఊపిరాడటం లేదంటన్నాడు బాబూ."

"కంగారుకి అలాగే ఉంటుంది. అయినా కొన్నాళ్ళు ఊదొద్దని చెప్పానుగా? అంత గట్టిగా ఊదితే ఏ క్యాపు నిలుస్తుంది?"

ఈ మాటకి నేను ఊపిరితిత్తిలో కూర్చుని ఉడికిపోయాను. ఎప్పుడు చెప్పావురా? ఇప్పటినుంచే ఊదుకోవచ్చన్న నోరు ఎవరిది?

మౌలాలి గారు మాత్రం నమ్మాడు. "చెప్పే ఉంటాడు. సంబరంలో నేనే వినుండను," అన్నాడు. చదువుకున్నవాడు అబద్ధమాడతాడన్న ఆలోచన ఆయనకి రాలేదు. అంతకంటే తన చెవుల్ని అనుమానించుకోవడం ఆయనకి తేలిక.

నరసరావుపేటలో ఎక్స్‌రే తీశారు. నేను కనపడలేదు. ఇక్కడే నాకు పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది. మా పాలిమర్లు ఎక్స్‌రేలో పడవు. కానీ పళ్ళ సిమెంటు పడుతుంది, తెల్లగా మెరుస్తుంది. నా లోపల గోరంత సిమెంటు అంటుకుని ఉన్నా ఆ ఫొటోలో తెల్ల చుక్కలా కనపడేదాన్ని. ఎవరో ఒకరు ఇదేంటని అడిగేవాళ్ళు. సిమెంటు అంటుకోలేదు కాబట్టి ఊడాను; సిమెంటు అంటుకోలేదు కాబట్టే దొరకలేదు. ఒక్క సోమరితనం ఆ మనిషిని రెండుసార్లు కొట్టింది.

"చూశారా, లేదు. పోయినట్టే," అన్నాడు శ్రీకర్ ఆ ఎక్స్‌రే చూసి.

పోలేదు. అక్కడే ఉన్నాను. నా చుట్టూ చీము పట్టింది. జ్వరాలు వచ్చాయి. ఒకరు న్యుమోనియా అన్నారు. ఇంకొకరు టీబీ అనుమానం అన్నారు. మసీదులో మనుషులు దూరంగా జరిగి కూర్చోవడం మొదలుపెట్టారు. పెళ్ళిళ్ళవాళ్ళు పిలవడం మానేశారు. తాళి దగ్గర దగ్గిన మేళగాణ్ణి ఎవరు పిలుస్తారు? ఒకరోజు ఆయన సన్నాయి తీసి, నూనె గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టి మూతి కట్టేశాడు. ఆ కట్టు బిగిస్తుంటే ఆయన ఛాతీ లోపల ఒక్కసారి ఎగిసిపడింది. అది దగ్గు కాదని ఆ ఛాతీలో ఉన్న నాకు తెలుసు.

చివరికి గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టర్ సుహాసిని గొట్టం వేసి చూసింది. దొరికాను.

ఇప్పుడు స్టీలు గిన్నెలో, ఆమె బల్లమీద ఉన్నాను. మౌలాలి గారు దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. పక్కన ఖాసింబీ, కొండయ్య. మీ క్యాపు దొరికిందని ఖాసింబీ ఫోన్ చేస్తే ఆ మధ్యాహ్నమే డాక్టర్ శ్రీకర్ దిగాడు, చేతిలో బత్తాయిల సంచితో. రావడం పరామర్శకే. కళ్ళు మాత్రం నేరుగా గిన్నె మీదికి పోయాయి.

"మింగితే పొద్దున్నే పోద్దన్నారుగా బాబూ," అన్నాడు కొండయ్య. "ఎన్ని పొద్దులు పోయినయ్యో లెక్కెట్టుకోండి. ఈయన పోలేదు, అదే మా అదృష్టం."

"కొండయ్యా, ఊరుకో," అన్నాడు మౌలాలి గారు.

"చాలా రేర్ మేడం ఇలా జరగడం," అన్నాడు శ్రీకర్, సుహాసిని వైపు తిరిగి. "సన్నాయి ప్రెషర్ అలాంటిది. నేను ముందే వార్న్ చేశాను."

సుహాసిని నన్ను పటకారుతో ఎత్తి తలకిందులు చేసింది. "నేను పళ్ళ డాక్టర్ని కాదు. తెలియక అడుగుతున్నా, చెప్పండి. ఇందాక ఈయన నోట్లో లైటు వేసి చూశాను. సిమెంటంతా పంటిమీద అచ్చుపోసినట్టు ఉంది. దీని లోపల చూస్తే కడిగిన గ్లాసులా ఉంది. గట్టిగా ఊదటం వల్ల ఊడితే ఇలాగే ఉంటుందా?"

శ్రీకర్ నన్ను చేతిలోకి తీసుకున్నాడు. నా లోపలికి చూశాడు. మా మీద ఉపన్యాసాలిచ్చిన మనిషి. నా గోడల మీద ఏం లేదో, ఎందుకు లేదో ఆయనకంటే బాగా చదవగలిగినవాళ్ళు ఆ గదిలో లేరు.

"బ్యాచ్... సిమెంటు బ్యాచ్ ఏమైనా..." అన్నాడు.

చెప్పరా, అనుకున్నాను. ఇప్పుడైనా చెప్పు. లేకపోతే ల్యాబు మీదికి తోస్తావా? ప్రభుదాసు మీదికా?

"భయపడకండి, ఊపిరితిత్తి బాగుపడుతుంది," అంది సుహాసిని మౌలాలి గారితో. "మళ్ళీ ఊదొచ్చు. ఊదాలి కూడా. మీకు దాన్ని మించిన మందు లేదు."

"వద్దమ్మా," అన్నాడాయన. "చాలు. సన్నాయి కొండయ్య తీసుకుపోతాడు. ఎవరన్నా పిల్లలకి నేర్పుకుంటారు."

"నాకెందుకయ్యా నీ సన్నాయి? నేను డోలు మోసేదే చాలక!" అన్నాడు కొండయ్య. "నువ్వూదకపోతే ఆ డోలు మట్టుకు నాకెందుకు?"

మౌలాలి గారు శ్రీకర్ వైపు తిరిగాడు. రెండు చేతులూ జోడించాడు.

"బాబూ, మీరు చెప్పినా వినకుండా ఊదాను. ఆ పిల్ల తాళి దగ్గర అపశకునం చేశాను. మీరంత శ్రద్ధగా కట్టిన పన్ను పోగొట్టి మీకూ చెడ్డపేరు తెచ్చాను. నా ఊపిరే నా మాట వినలేదు. క్షమించండి."

కోపం అంటే అప్పటిదాకా నాకు తెలుసనుకున్నాను. ఆ జోడించిన చేతులు చూశాక తెలిసింది. దెబ్బ తిన్నవాడు కొట్టినవాడికి క్షమాపణ చెబుతున్నాడు. బత్తాయిలు తెచ్చినవాడు దండం పెట్టించుకుంటున్నాడు. నాకు కాళ్ళుంటే ఆ అరచేతిలోంచి దూకి మళ్ళీ ఎవరి గొంతులో పడేదాన్నో చెప్పక్కర్లేదు.

శ్రీకర్ ఆ చేతుల్ని చూశాడు. బత్తాయిల సంచి కింద పెట్టాడు. స్టూలు మీద కూర్చున్నాడు. నన్ను మాత్రం వదల్లేదు, గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు.

"చేతులు దించండి మౌలాలి గారూ. దించండి, నేను చూడలేను. ఊదొద్దని నేను చెప్పలేదు. ఇప్పటినుంచే ఊదుకోవచ్చన్నాను. అమ్మ ఫోన్ చేసినప్పుడు భయమేసి మాట మార్చాను. మీరు సరిగ్గానే విన్నారు. మీ చెవులు బాగానే ఉన్నాయి. ఆ రోజు మీరు ఊదాక దీని లోపలంతా ఉమ్మి. మళ్ళీ ఇసుక కొట్టాలి. నాకు తెలుసు. నాకు తెలిసినంత బాగా ఈ జిల్లాలో ఎవరికీ తెలియదని చెప్పుకు తిరిగేవాణ్ణి. మిషను పక్కనే ఉంది. కానీ అది వేస్తే హోరుమని మోత, పొడి లేస్తుంది. ఫోన్ రికార్డవుతోంది. మీరు ఊదారు, అందరూ చప్పట్లు కొట్టారు, వెంటనే పన్ను పెట్టి నవ్వితే వీడియో బాగుంటుందనుకున్నాను. మధ్యలో ఆపబుద్ధి కాలేదు. అంతే అండీ. ఇంకే కారణం లేదు. ఉంటే బాగుండేది, చెప్పుకునేవాణ్ణి. మీరు దగ్గారని తెలిసిన రోజే ఆ వీడియో తీసేశాను, అంటే తప్పెవరిదో నాకు ఆ రోజే తెలుసు. తెలిసీ ఇన్నాళ్ళు మిమ్మల్ని మీరే తిట్టుకోనిచ్చాను. ఆ పెళ్ళివారి దగ్గరికి నేనొస్తాను, వాళ్ళ ముందు కూడా ఈ మాటే చెబుతాను. మీ ఊపిరి నా పన్నుని ఊడగొట్టలేదు మౌలాలి గారూ. నేనసలు దాన్ని అతికించనే లేదు."